టీసీ ఇచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు

పిల్లవాణ్ణి బడి నుంచి గెంటేశామని మన దగ్గర ఏ హెడ్మాస్టరూ కాగితం మీద రాయడు. రాయాల్సిన అవసరమే పడదు. తల్లిని పిలిపిస్తారు, కుర్చీ చూపిస్తారు, మర్యాదగానే మాట్లాడతారు. మీవాడు క్లాసులో కుదురుగా ఉండటం లేదమ్మా, మిగతా పిల్లల చదువు పాడవుతోంది, ఇలాంటివాళ్లకు వేరే బడులుంటాయి, అక్కడైతే బాగా చూసుకుంటారు అని చెబుతారు. కొన్నాళ్లకు టీసీ ఆమె చేతికి వస్తుంది. కారణం రాసేచోట 'తల్లిదండ్రుల కోరిక మేరకు' అని ఉంటుంది. ప్రైవేటు బడుల దారి ఇది. సర్కారు బడిలో టీసీ కూడా ఇవ్వరు. పేరు రిజిస్టరులో ఉంటుంది, పిల్లవాడు ఇంట్లో ఉంటాడు.

ఈ మర్యాద చట్టవిరుద్ధం. ఒకసారి చేర్చుకున్న పిల్లలను ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడి నుంచి తీసేయడానికి వీల్లేదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. 2019 సవరణ ఫెయిల్ చేయడానికి దారి తెరిచిందే గానీ తీసేయడానికి కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్లదాకా ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. ఇంటి దగ్గరి మామూలు బడా, ప్రత్యేక పాఠశాలా అన్న ఎంపికను ఆ పిల్లలకే వదిలిపెట్టింది. ఎంచుకునే అధికారం హెడ్మాస్టరుకు ఎక్కడా ఇవ్వలేదు.

ప్రత్యేక బడులు చేసే పనిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. తిరుపతిలో టీటీడీ నడుపుతున్న బధిర పాఠశాలను చూడండి. చేతులతో మాట్లాడుకునే పిల్లలకు తమలాంటి పిల్లల మధ్య పెరగడం ఎంత బలమో అక్కడ తెలుస్తుంది. టీటీడీదే అయిన శ్రవణం కేంద్రంలో వినికిడి లేని పసిపిల్లలకు తల్లులను పక్కన కూర్చోబెట్టి మాటలు నేర్పుతారు. మండలాల్లో దివ్యాంగ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో ఐఈఆర్‌పీలు (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు) ఒక పిల్లవాడికి చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పుతూ, పక్కనే ఇంకొకరికి అక్షరాలు దిద్దిస్తుంటారు. కదల్లేని పిల్లల ఇళ్లకు వెళ్లి పాఠం చెప్పేదీ వాళ్లే. ఏళ్ల తరబడి కాంట్రాక్టు జీతాల మీద సాగుతున్న సేవ ఇది.

చిక్కంతా ఆ కేంద్రాలను మిగతా బడులు వాడుకునే తీరులో ఉంది. తిరుపతి బర్డ్ ఆసుపత్రిలో కాలికి ఆపరేషన్ చేయించుకుని, క్యాలిపర్ వేయించుకుని పిల్లవాడు ఇంటికొస్తాడు. ఇక నువ్వు అక్కడే ఉండిపో అని ఎవరూ అనరు. భవిత కేంద్రానికి పంపిన పిల్లవాడు మాత్రం తన తరగతికి తిరిగి రావాలన్న ఆలోచనే పంపినవాళ్లకు ఉండదు. చెవుడున్న పిల్లలు తమ భాష కోసం ప్రత్యేక బడిని కోరుకోవడం వేరు. చదవడంలో తడబడేవాణ్ణో, ఆటిజం ఉన్నవాణ్ణో పాస్ పర్సంటేజీ పడిపోతుందని పక్కకు తప్పించడం వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి 'ప్రత్యేక అవసరాలు' అనేస్తున్నారు.

ఇంగ్లండులోనూ ప్రత్యేక అవసరాలున్న పిల్లలే మిగతావాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా బడి నుంచి బహిష్కృతులవుతున్నారు. గొప్పగా చెప్పుకోవాల్సిన వ్యవస్థేమీ కాదు. కానీ అక్కడ తీసేస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆరో రోజు నుంచి ఆ పిల్లవాడికి మరోచోట చదువు చెప్పించే బాధ్యత స్థానిక ప్రభుత్వానిది. అందుకే ఎంతమంది బయటపడ్డారో అక్కడ లెక్క తేలుతుంది. మన దగ్గర బహిష్కరణ అన్నదే లేదు కాబట్టి లెక్కా లేదు!

నలభై మందిని ముందు పెట్టుకున్న పంతులు ఏం చేయగలడని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు ఈ సీమలోనే, మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో దొరుకుతుంది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఆ బడి చుట్టుపక్కల పల్లెల్లో పద్మనాభరావు, రమ దంపతులు ఏకోపాధ్యాయ బడులు నడిపారు. ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ ఉంటారు. గోడ మీద నిచ్చెనలాంటి పటం, దాని మీద బొమ్మ గుర్తులు, ఒక్కో గుర్తుకు ఒక కార్డు. పిల్లవాడు తానున్న మెట్టు చూసుకుని తన కార్డు తానే తెచ్చుకుంటాడు. కొందరు పంతులు దగ్గర, కొందరు తోటిపిల్లల సాయంతో, కొందరు సొంతంగా పని చేసుకుంటారు. జ్వరమొచ్చో, వేరుశనగ కోతలకు పోయో పది రోజులు రాకపోయినా, ఆగిన మెట్టు నుంచే మళ్లీ మొదలుపెడతాడు. ఈ పద్ధతిలో వెనకబడినవాడన్న మాటకే తావు లేదు, ఎందుకంటే అందరూ ఒకేచోట ఉండాలన్న నియమమే లేదు. దివ్యాంగుల కోసమని దీన్ని తయారుచేయలేదు. అయినా నిదానంగా నేర్చుకునే పిల్లవాడికి ఇంతకంటే నప్పే తరగతి గది మాకు కనిపించడం లేదు. దీన్ని చూసి వెళ్లిన కర్ణాటక ఉపాధ్యాయులు 1995లో హెచ్.డి.కోటెలో 'నలి కలి' పద్ధతి మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు దీన్ని అందుకున్నాయి, తర్వాత తమిళనాడంతా పాకింది. పుట్టిన గడ్డ మీద మాత్రం పాఠం ఇప్పటికీ అందరికీ ఒకటే, వేగమూ ఒకటే.

ఇక మనుషుల కొరత సంగతి. ప్రత్యేక ఉపాధ్యాయులు ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మంది దివ్యాంగ పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో ప్రతి 15 మందికి ఒకరు ఉండాలన్న ప్రమాణాన్ని, 2021లో సుప్రీంకోర్టు ఆదేశించాక, 2022లో కేంద్రం నోటిఫై చేసింది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు మరోసారి గద్దించాక, ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం 2,260 పోస్టులు మంజూరు చేసింది. మంచిదే. 40 వేలకు పైగా ప్రభుత్వ బడులున్న రాష్ట్రంలో అది మొదటి అడుగు మాత్రమే. భవిత కేంద్రాల్లో ఇన్నాళ్లూ పనిచేసి, తగిన అర్హతలున్నవారికి ఆ పోస్టుల్లో మొదటి స్థానం ఇవ్వాలి.

దూరం ఇంకో శిక్ష. భవిత కేంద్రం మండల కేంద్రంలో ఉంటుంది. కుప్పం, సత్యవేడు వైపు పల్లెల నుంచి బిడ్డను తీసుకురావాలంటే ఆటో చార్జీతోపాటు తల్లికి ఆ రోజు కూలీ కూడా పోతుంది. దివ్యాంగురాలైన ఆడపిల్ల చదువుకు సమగ్ర శిక్ష ఇచ్చే స్టైపెండ్ నెలకు 200 రూపాయలు, అదీ 10 నెలలే. దివ్యాంగ పింఛను 6,000. పింఛను తగ్గించమని మేము అనడం లేదు, ఎవరైనా అంటే ఎదిరిస్తాం. ఇంట్లో కూర్చోబెట్టడానికీ బడికి పంపడానికీ ప్రభుత్వం కట్టిన విలువల్లో ఇంత తేడా ఎందుకని అడుగుతున్నాం.

మేం కోరేది ఇది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు టీసీ ఇవ్వాలంటే అసలు కారణం రాయాలి, చేరబోయే బడి పేరు రాయాలి, ఎంఈవో సంతకం ఉండాలి. ఆ బడిలో చేరేదాకా బాధ్యత పాత బడిదే. భవిత కేంద్రానికి పంపితే తరగతికి తిరిగి తెచ్చే గడువు ముందే నిర్ణయించాలి. ఆటిజం పేరు చెప్పి సీటు నిరాకరించే ప్రైవేటు బడికి గుర్తింపు కొనసాగించకూడదు. వీటిలో చాలావాటికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒక బడి వదిలి ఇంకోచోట చేరని పిల్లల పేర్లు యూడైస్ పోర్టల్‌లో 'డ్రాప్ బాక్స్' కింద కనిపిస్తూనే ఉంటాయి. వాటిలోంచి దివ్యాంగ పిల్లల పేర్లు ఏరడం తిరుపతి, చిత్తూరు డీఈవో కార్యాలయాలకు పెద్ద పనేమీ కాదు. జూన్‌లో బడులు తెరిచేలోగా ఆ జాబితా ప్రతి ఎంఈవో బల్ల మీదా ఉండాలి. టీసీ ఇచ్చిన హెడ్మాస్టరు పేరు కూడా పక్కనే రాయాలి.