"వరంగల్లో చేసినట్టు చెయ్యాలి" అనేవాళ్ళకి

దేశంలో ఎక్కడ ఏ ఘోరం జరిగినా పది నిమిషాల్లో మన ఆఫీసు గ్రూపుల్లోకి వచ్చే మెసేజీ ఒకటుంది. "వరంగల్లో చేసినట్టు చెయ్యాలి వీళ్ళని. ఆ దెబ్బతో మళ్ళీ ఎవడైనా యాసిడ్ ముట్టుకున్నాడా?" మాది వరంగలే కాబట్టి కింద నాకో అభినందన కూడా ఉంటుంది, అదేదో మా ఊరి పేటెంట్ అన్నట్టు.

తెలియని వాళ్ళకి క్లుప్తంగా. 2008 డిసెంబర్ 10న కాలేజీ నుంచి ఇంటికెళ్తున్న ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. పోలీసులు ముగ్గురిని పట్టుకున్నారు. 13వ తేదీకల్లా ఆ ముగ్గురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆధారాల కోసం తీసుకెళ్తే తిరగబడ్డారు, ఆత్మరక్షణకి కాల్చాం అన్నారు. ఊరంతా సంబరం. ఎస్పీగారికి దండలు. ఆ అమ్మాయిల్లో ఒకరు నెలాఖరుకే చనిపోయింది. జనం కోపం అబద్ధం అని నేననను.

నా గొడవంతా ఆ మెసేజీలో రెండో వాక్యంతోనే. "మళ్ళీ ఎవడైనా" అనేది ఒక లెక్క. లెక్కయితే డేటా ఉండాలి కదా? 2013 దాకా మన శిక్షాస్మృతిలో యాసిడ్ దాడికి విడిగా సెక్షనే లేదు. ఆ ఏడాది 326ఎ, 326బి వచ్చాయి (ఇప్పుడు న్యాయ సంహితలో 124). ఎన్‌సీఆర్‌బీ ఈ దాడుల్ని విడిగా లెక్కపెట్టడం మొదలైంది 2014 నుంచి. అంటే 2008కి ముందు ఎన్ని, తర్వాత ఎన్ని అని పోల్చడానికి అసలు టేబులే లేదు. బేస్‌లైన్ లేకుండా "పర్ఫార్మెన్స్ పెరిగింది" అని ఎవడైనా రివ్యూలో చెప్తే మనం ఊరుకుంటామా? ఇక్కడ మాత్రం మనుషుల ప్రాణాల విషయంలో చప్పట్లు కొడతాం.

"కోర్టులకి వదిలితే పదేళ్ళు" అంటారు. అదే మా హన్మకొండలో 2019 జూన్‌లో ఒక పసిపాప మీద జరిగిన ఘోరానికి వరంగల్ కోర్టు ఆగస్టు 8న తీర్పు చెప్పింది. రెండు నెలలు కూడా పట్టలేదు. ఉరి వేస్తే హైకోర్టు నవంబర్లో జీవితఖైదుగా మార్చింది (ఉరి మీద నాకు వేరే గొడవలున్నాయి, అది ఇంకో టపా). అదే ఊరు, అవే చట్టాలు. మరి దీన్ని "వరంగల్ మోడల్" అని ఎవరూ ఎందుకనరో!

"దొరికినవాడు దోషే కదా" అనేది ఇంకో మాట. 2007 డిసెంబర్లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థినిని చంపారు. 2008 ఆగస్టులో, అంటే మా ఊరి కాల్పులకి నాలుగు నెలల ముందు, ఒక కుర్రాణ్ణి పట్టుకుని వీడే అన్నారు. కింది కోర్టు శిక్ష కూడా వేసింది. 2017 మార్చిలో హైకోర్టు అతను నిర్దోషి అంది. ఎనిమిదేళ్ళు పైన జైల్లో గడిపాడు. అతని మీదా మన మెసేజీ అమలుచేసి ఉంటే హైకోర్టు ఎవర్ని విడుదల చేసేది?

ఇక 2019 డిసెంబర్ 6. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి. 2008లో వరంగల్ ఎస్పీగా ఉన్న సజ్జనార్ గారే అప్పుడు సైబరాబాద్ కమిషనర్. నలుగురు నిందితులు, తెల్లవారుజాము, ఆధారాల కోసం తీసుకెళ్ళడం, తిరగబడటం.. కథ మారలేదు. ఈసారి సుప్రీంకోర్టు సిర్పూర్కర్ కమిషన్ వేసింది. పోలీసులు చెప్పింది నమ్మేలా లేదని, చంపాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసులని విచారించాలని 2022లో ఆ రిపోర్టు చెప్పింది. అదే ఏడాది మేలో విషయాన్ని తెలంగాణ హైకోర్టుకి పంపారు. చదివినవాళ్ళు మనలో ఎంతమంది? స్టాక్ ఓవర్‌ఫ్లోలో మూడో పేజీ దాకా వెళ్ళే ఓపికుంది మనకి :)

మా ఊరి కేసులో నిజంగా పోయిందేంటో చెప్తాను. ఆ యాసిడ్ ఎవరమ్మారు? ముందే వేధింపులున్నాయా, ఉంటే ఎవరికి చెప్పారు, వాళ్ళేం చేశారు? ఇవన్నీ విచారణలో, క్రాస్ ఎగ్జామినేషన్లో రావాల్సిన ప్రశ్నలు. ప్రొడక్షన్ సర్వర్ కూలితే లాగ్స్ చెరిపేసి "ఫిక్స్ చేశాం" అన్నట్టుంది మన వ్యవహారం.

శిక్ష ఎంత పెద్దది అనేదానికన్నా దొరకడం ఎంత ఖాయం అనేదే నేరస్తుణ్ణి ఎక్కువ ఆపుతుందని నేరాల మీద పరిశోధన చేసేవాళ్ళు ఎప్పట్నుంచో చెప్తున్నారు. బంగ్లాదేశ్ చూడండి. 2002లో అక్కడ దాదాపు ఐదొందల యాసిడ్ దాడులు. ఆ ఏడాదే అమ్మకాలకి లైసెన్సులతో ఒక చట్టం, విచారణకి ఇంకో చట్టం తెచ్చారు. పదేళ్ళకి దాడులు ఏడాదికి వందలోపుకి దిగాయి. ఆ చట్టంలో ఉరి కూడా ఉంది, కాబట్టి తగ్గింది దేనివల్లో విడదీసి చెప్పడం కష్టమే. కానీ వాళ్ళు లెక్కపెట్టారు, అందుకే ఈమాత్రమైనా వాదించుకోగలుగుతున్నాం.

మనకీ 2013 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. కొనేవాడి గుర్తింపు కార్డు చూడాలి, ఎందుకో అడగాలి, రిజిస్టర్లో రాయాలి, పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి అమ్మకూడదు. ఈ వారం బాత్రూం యాసిడ్ కొనడానికి వెళ్తే కొట్టువాణ్ణి ఆ రిజిస్టరు చూపించమని అడిగి చూడండి.