డేటా లాగర్ మౌనం: దత్తాంశ నష్టమా, అనుసంధాన లోపమా?

ప్రయోగక్షేత్రాలలో నేల తేమను, ఉష్ణోగ్రతను నమోదు చేసే డేటా లాగర్లు నేడు సర్వసాధారణమయ్యాయి. పదిహేను నిమిషాలకొకసారి కొలిచే పరికరం 120 రోజుల పంటకాలంలో 11,520 నమోదులు చేస్తుంది. నమోదుకు 32 బైట్ల చొప్పున లెక్కించినా మొత్తం ఒక మెగాబైట్‌లో మూడో వంతును స్వల్పంగా మాత్రమే మించుతుంది. ఈ శ్రమఫలమంతా ఎనిమిది కాళ్ల చిన్న ఫ్లాష్ మెమరీ చిప్‌లో ఇమిడిపోతుంది. పంటకోత తరువాత పరికరం స్పందించకపోతే ‘దత్తాంశం లభ్యం కాలేదు’ అని వ్రాసి సరిపెట్టుకోవడం సమంజసం కాదు. విత్తనం మళ్లీ వేయవచ్చు గాని, గడచిన వానాకాలాన్ని మళ్లీ కొలవలేము.

ఆకు పసుపుబారిన ప్రతి పైరుకూ యూరియా వేయమని ఏ విస్తరణ శాస్త్రవేత్తా సిఫారసు చేయరు. ముదురాకులలో మొదలైతే నత్రజని లోపాన్ని, లేతాకులలో మొదలైతే ఇనుప ధాతు లోపాన్ని ముందుగా అనుమానిస్తారు. ఇక్కడా అదే వివేకం అవసరం. చెరిపిన ఫ్లాష్ చిప్‌లో ప్రతి బైటూ ‘ఎఫ్ఎఫ్’గా కనిపిస్తుంది, తీగ ఊడి చిప్ మాట్లాడకున్నా అదే ‘ఎఫ్ఎఫ్’ కనిపించవచ్చు. అందువల్ల తొలుత చిప్ గుర్తింపు సంఖ్యను అడగాలి. సరియైన సంఖ్య వస్తే మార్గం చాలావరకు బాగున్నట్లే. రాకపోతే విద్యుత్ పీడనం, తుప్పుపట్టిన టంకాలు, చిప్‌ను నిలిపివుంచే ‘హోల్డ్’ కాలు, అవే తీగలపై అడ్డుతగిలే ప్రాసెసర్ — వీటిని వరుసగా పరీక్షించాలి. 1.8 వోల్టుల చిప్‌కు 3.3 వోల్టులిస్తే ఉన్నది కూడా పోవచ్చు. రెండుసార్లు చదివిన ప్రతులు సరిపోలేవరకు చిప్‌పై ఏమీ వ్రాయరాదు, చెరపరాదు. 4,096 బైట్ల ఒక్క సెక్టార్ చెరిగితే పై లెక్కన 32 గంటల నమోదులు గల్లంతవుతాయి.

ఇది అందరాని విద్య కాదు. నాంపల్లి రైల్వే స్టేషన్ నుండి నడిచి చేరగల దూరంలో, అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ సెల్‌ఫోన్ల మరమ్మతుకు పేరుపొందినది. చిప్‌ను బోర్డు నుండి విడదీయడం అటువంటి పనివారి చేతికి అలవాటైన పని. అయితే వారు బైట్లను వెలికితీయగలరే గాని, ఏ బైటు తేమను, ఏది సమయాన్ని సూచిస్తుందో చెప్పలేరు. ఆ అర్థం పరిశోధకుని వద్దనే ఉండాలి. ప్రస్తుత లోపం అక్కడే ఉన్నది.

కనుక పరికరాల కొనుగోలు షరతులలోనే నమోదుల అమరిక వివరాలు ఇవ్వాలని కోరాలి. స్నాతకోత్తర పాఠ్యక్రమంలో ఒక ప్రయోగ తరగతిని ఇందుకు కేటాయించాలి. తిరిగి రాబట్టిన నమోదులెన్ని, ఖాళీలెన్ని అన్నది పరిశోధన పత్రాలలో స్పష్టంగా పేర్కొనాలి. అంచనాతో పూరించిన అంకెను కొలిచిన అంకెగా చూపితే, దానిపై ఆధారపడిన సిఫారసు చివరకు రైతు పొలంలోనే విఫలమవుతుంది.