విమానానికి ముందే వెళతాం, స్కానుకు ఆలస్యం ఎందుకు?



2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి మన ప్రాంతం వారికి ఒక మంచి అలవాటు వచ్చింది. గల్ఫ్‌కు వెళ్లే బిడ్డను సాగనంపాలంటే మూడు గంటల ముందే అక్కడ ఉంటాం. అదే ఇంట్లో అమ్మకు పెట్ స్కాన్ రాస్తే, "పదింటికి రమ్మన్నారు, పదకొండుకు వెళితే ఏమవుతుందిలే" అంటాం. ఇది సరికాదని నా అభిప్రాయం. విమానం తప్పితే ఇంకో విమానం ఉంటుంది. పెట్ స్కాన్ మందు ఎవరి కోసమూ ఆగదు.

ఆ మందు పేరు ఎఫ్.డి.జి. అది గ్లూకోజు లాంటి పదార్థం. దానికి సైక్లోట్రాన్ యంత్రంలో తయారైన ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పదార్థాన్ని జోడిస్తారు. ప్రతి 110 నిమిషాలకు దాని శక్తి సగమైపోతుంది. ఉదయం 6 గంటలకు ఉన్నది 7.50కి సగం, 9.40కి పావు వంతే మిగులుతుంది. రేపటికి దాచడం కుదరదు. మనం ఆలస్యం చేస్తే ఆ రోజు స్కాన్ తప్పిపోవచ్చు, చికిత్స కూడా వెనకబడవచ్చు.

చక్కెరను ఎక్కువగా వాడుకునే క్యాన్సర్ కణాలు ఈ మందును కూడా ఎక్కువగా పీల్చుకుంటాయి. ఫ్లోరిన్ నుంచి వచ్చే పాజిట్రాన్, ఎలక్ట్రాన్‌తో కలవగానే రెండూ మాయమై, రెండు గామా కిరణాలు చెరో దిక్కుకు వెళతాయి. చుట్టూ ఉన్న యంత్రం ఆ రెంటినీ ఒకేసారి పట్టుకుని, అవి ఎక్కడ పుట్టాయో చూపిస్తుంది.

అందుకే పరగడుపు ముఖ్యం. ఉపవాస ప్రార్థనలో టీ, పళ్లరసం తీసుకునే అలవాటు కొందరికి ఉంది. ఇక్కడ అది పనికిరాదు. ఆస్పత్రివారు చెప్పినన్ని గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. తింటే మందు కండరాలకు పోయి, చిత్రం సరిగా రాదు. షుగరు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పి, ఇన్సులిన్ ఎప్పుడు తీసుకోవాలో డాక్టరునే అడగాలి. సూది వేశాక సుమారు గంటసేపు రోగి ప్రశాంతంగా పడుకోవాలి. అది పరామర్శల సమయం కాదు.

ఇంకొక మాట. చిత్రంలో వెలిగే ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు. క్షయ కూడా అలాగే వెలగవచ్చు. డాక్టరు చెప్పకముందే ఇంట్లో ఏడుపులు వద్దు.

సంఘ పెద్దలకు నా మనవి: రోగి ఇంట్లో ప్రార్థన ముందురోజు సాయంత్రమే ముగించండి. తెల్లవారగానే బండి ఏర్పాటు చేసి, ఒకరు తోడు వెళ్లండి. అదీ పరిచర్యే.