ఇడ్లీ సరే, బ్రెడ్డు మాటేమిటి?

సంపాదకులకు,

ఇంట్లో చేసుకుంటే టిఫిను ఖర్చు సగమవుతుందన్న మీ వ్యాసం ఇడ్లీ వరకూ నిజమే. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ కలిపి పులియబెడితే తెల్లారేసరికి గిన్నె నిండుతుంది. ప్యాకెట్ పిండిలో సగానికి పైగా నీళ్లే, డబ్బులు వాటికీ కడుతున్నాం!

బ్రెడ్డు లెక్క వేరు. 1,500 వాట్ల ఓవెన్ 40 నిమిషాలు పూర్తి వేడిలో నడిస్తే ఒక యూనిట్ కరెంటు అవుతుంది. అదీ ఒక్క బ్రెడ్డుకే. బేకరీలో అదే కొలిమి వేడికి వరసగా ఎన్నో కాలతాయి. పైగా మామూలు బ్రెడ్డు మీద జీఎస్టీ లేదు. మైదా చౌకే కావచ్చు. ఈస్టు సీసా మాత్రం మూత తీశాక ఎక్కువకాలం పనిచేయదు, అప్పుడప్పుడు చేసేవాళ్లకు సగం చెత్తబుట్టకే. ఇంతకీ వ్యాసకర్త ఓవెన్ ధరను ఏ పద్దులో రాశారు?

— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం