సేంద్రియ ముద్ర దేనికి సాక్ష్యము?

ప్రకృతికి మేలుచేయు సేంద్రియ శిశ్వాహారమని పేరుపెట్టిన సంచులు నేడు సెల్‌ఫోను మీట నొక్కినంతనే పలాసకును టెక్కలికిని వచ్చి చేరుచున్నవి. వెల హెచ్చైనను తల్లులు కొనుచున్నారు. వారిని మేము తప్పుపట్టము. ఏండ్ల తరబడి మూత్రపిండవ్యాధి ఊరూర బలిగొనుచుండ, దాని మూలకారణ మింకను నిశ్చయముగా తేలకయుండ, ఉద్దానపు తల్లి నీటిని శంకించును, పురుగుమందును శంకించును. ఆ భయమే యీ వర్తకమునకు పెట్టుబడి.

ఇంతకును ఆ ముద్ర దేనికి సాక్ష్యము? 2017 నాటి నిబంధనల ననుసరించి వేయు జైవిక్ భారత్ ముద్ర ప్రధానముగా పంట పండించిన విధమును గూర్చి చెప్పును. రసాయనపు ఎరువులును పురుగుమందులును వాడలేదనును. అది మేలే, కాదనము. కాని ఆ ధాన్యము ఎన్నివందల మైళ్లు లారీలలో తిరిగెనో అది చెప్పదు. ప్లాస్టికును అల్యూమినియమును పొరలుగా నతికించిన సంచిని విడదీసి మరల వాడుట మిక్కిలి కష్టమనియు చెప్పదు. బిడ్డ యొకపూట తినగా పారవేసిన సంచి వాని మనుమల నాటికిని మహేంద్రతనయ యొడ్డున మిగులును.

శుద్ధికైనను ముద్ర పూచీ కాదు. 2021 ఫిబ్రవరిలో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘ మొకటి వెలువరించిన నివేదిక, 'ఎర్త్స్ బెస్ట్' వంటి సేంద్రియ శిశ్వాహారములందును ఆర్సెనికము, సీసము గలవని బయటపెట్టెను. నేలలో నున్నదే గింజలోనికి వచ్చును. అదియు నట్లుండనిండు, సంచిలోని పిండిని కలుపుటకైనను మా యుద్దానపు నీరే కావలెను గదా!

రెండేండ్లలోపు శిశువుల యాహారమునకు ప్రకటనలు చేయరాదని 1992 నాటి చట్టమును 2003 నాటి సవరణయు శాసించుచున్నవి. పర్యావరణ మిత్రమను బిరుదు ప్రకటన గాక మరేమి?

తీరికలేని తల్లి యేమి చేయవలెనని కొందరడుగుదురు. ఆఱునెలలు తల్లిపాలే చాలునని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. వానికి కర్మాగారము లేదు, సంచి లేదు. పిమ్మట చోళ్లు గలవు. స్వల్పమైన నీటితో పండు పైరు. మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి, పప్పుతో చేర్చి విసరిన పిండి డబ్బాలో నిలువయుండును. జావ కాచుట కెంతోసేపు పట్టదు.

కావున మా కోరిక లివి. సంస్థలు ధాన్యము పండిన జిల్లా పేరును, లోహపరీక్షల ఫలితమును సంచిపై తెలుగున అచ్చువేయవలెను. ప్లాస్టికు సంచుల భారమును 2022 నాటి నియమములు ఉత్పత్తిదారులపైననే మోపినవి; ఖాళీ సంచులను వారే తీసికొనిపోవలెను. ప్రభుత్వము అంగన్‌వాడీలకు చోళ్లను ఇచటి రైతులయొద్దనే కొనవలెను. 2023 డిసెంబరులో ప్రారంభమైన హిరమండలపు నీటిపథకము ప్రతి గడపకును కొఱతలేక నీరందింపవలెను. ముద్రను నమ్మి మన్నును, నీటిని మరచుట శిశువునకు మేలు కాదు, సీమకును మేలు కాదు.