చేసిన సేవకు చిట్టా ఏదీ?

యువజన కార్యక్రమాల లెక్క ఆఫీసు బీరువాలో ఉండిపోతే నష్టం పల్లె కుర్రకారుకే

(గ్రామీణ విలేకరి)

కళాశాల విద్యార్థులు వారం రోజులు ఊళ్లో క్యాంపు వేయటం, వీధులు ఊడ్వటం, మురుగు కాలువలు తీయటం, మొక్కలు నాటటం పల్లెలకు కొత్త కాదు. ఊరి యువజన సంఘం కుర్రాళ్లు రక్తదానానికీ, పల్స్ పోలియోకూ, వరద వస్తే సహాయానికీ ముందుండటమూ కొత్త కాదు. అయితే రెండు మూడేళ్లు గడిచాక ఉద్యోగ దరఖాస్తులోనో, పై చదువుల సీటు దగ్గరో “నీవు చేసిన సేవకు ఆధారం ఏమిటి?” అని అడిగితే, చూపటానికి కాగితం ముక్క లేక తెల్లముఖం వేయవలసి వస్తున్నది. పని చేసిన చేతులు ఒకచోట, దాని లెక్క మరొకచోట ఉండిపోవటమే ఇందుకు మూలకారణం.

నియమాలకు కొదవ లేదు

జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) గాంధీజీ శతజయంతి వేళ 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో ప్రారంభమైంది. ఇందులో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పని చేయాలి. ఏడాది 120 గంటల్లో 20 గంటలు పథకం గురించి తెలుసుకోవటానికి, 30 గంటలు కళాశాల ఆవరణలో పనికి, మిగతా 70 గంటలు ఊళ్లో, వాడల్లో సేవకు. దీనికి తోడు ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. ఇవి పూర్తి చేస్తే సర్టిఫికెట్ వస్తుంది. చేసిన పనిని వాలంటీరు డైరీలో రాసుకోవాలి.

ఎన్.సి.సి. లెక్క ఇంకా గట్టిది. 1948 చట్టంతో వచ్చిన ఈ దళంలో సర్టిఫికెట్ పరీక్షకు కూర్చోవాలంటే పెరేడ్లకు 75 శాతం హాజరు ఉండాలి. డిగ్రీలో 50 శాతం మార్కులు, ‘సి’ సర్టిఫికెట్‌లో కనీసం ‘బి’ గ్రేడు ఉన్నవారికి సైన్యంలో ఆఫీసరు కొలువుకు ప్రత్యేక ప్రవేశం ఉంది. దరఖాస్తుల వడపోతలో నిలిస్తే చాలు, రాతపరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూ బోర్డు ముందుకు వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంజనీరింగ్ సీట్లలో ఎన్.సి.సి. వారికి 1 శాతం కోటా ఉంది. కోచింగుకు వేలు పోయలేని కూలి కుటుంబం బిడ్డకు ఈ హాజరు పట్టీ ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

ఇవి గాక ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి మారిన డిగ్రీ పాఠ్యక్రమంలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేరింది. ప్రశ్నల కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగే పిల్లలు ఈ పని మీద వస్తున్నవారే. వీరు రోజువారీ లాగ్ బుక్ రాయాలి. 15 నుంచి 29 ఏళ్ల యువతీయువకుల కోసం కేంద్ర ప్రభుత్వం 2023 అక్టోబరు 31న ‘మై భారత్’ అనే వేదికను ప్రారంభించింది. చేసిన సేవను అక్కడ ఫోనులోనే నమోదు చేసుకునే వీలుంది. కాబట్టి నియమాలు లేక కాదు, ఉన్న నియమం కుర్రవాడి చేతి దాకా రాకపోవటమే చిక్కు.

లెక్క పైకే పోతున్నది

రికార్డు ఎవరి కోసం రాస్తున్నారు అన్నదే అసలు ప్రశ్న. శిబిరాలు ఎన్ని, మొక్కలు ఎన్ని, హాజరు ఎందరు అన్న అంకెలు పై ఆఫీసుకు కావాలి. అవి ఠంచనుగా వెళతాయి. ఫలానా కుర్రవాడు ఫలానా రోజు ఏం పని చేశాడన్నది పై ఆఫీసుకు అక్కరలేదు. అక్కర ఉన్నది ఆ కుర్రవాడికే. అతనికేమో ఆ అక్కర రెండేళ్ల తరువాతగాని తెలిసిరాదు. అప్పటికి ప్రోగ్రాం ఆఫీసరు బదిలీ అయి ఉంటారు. పాత రిజిస్టరు ఏ బీరువాలో ఉందో కొత్తగా వచ్చినవారికి తెలియదు. ఊరి నుంచి బస్సెక్కి కళాశాల చుట్టూ తిరిగితే చార్జీలు దండగ.

ఈ అంకెల లెక్కలో ఊరికి కూడా నష్టమే. నాటిన మొక్కలకు లెక్క ఉంటుంది, బతికిన మొక్కలకు ఉండదు. నిరుడు తీసిన కాలువ ఏదో, ఎక్కడ ఆగిందో రాసి లేకపోతే ఈ ఏడాది వచ్చినవారు మళ్లీ మొదటి నుంచి తవ్వుతారు.

జాబ్ కార్డు నేర్పిన పాఠం

చేసిన పనికి ఆధారం ఎవరి దగ్గర ఉండాలన్నది పల్లె జనానికి ఒకరు చెప్పవలసిన పని లేదు. 2005 చట్టం కింద నడిచిన ఉపాధి హామీ పనుల్లో మస్టరు ఆఫీసుది, జాబ్ కార్డు కూలీది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి జరిగిన సామాజిక తనిఖీల్లో మస్టరులోని హాజరును కూలీ కార్డుతో, కూలీ మాటతో సరిచూసి, గ్రామసభలో చదివి వినిపించారు. పనికి రానివారి పేర్లు, రాని కూలి లెక్కలు అలాగే బయటపడ్డాయి. ఒకే లెక్క ఒకరి దగ్గరే ఉంటే అది నిజమో కాదో తేల్చేవారుండరు.

డ్వాక్రా మహిళలదీ ఇదే అనుభవం. సంఘానికి బ్యాంకు అప్పు ఇవ్వాలంటే చూసే పంచసూత్రాల్లో పుస్తకాలు ఎప్పటికప్పుడు రాసుకోవటం ఒకటి. పెద్దగా చదువుకోని అక్కచెల్లెళ్లు తీర్మానాల పుస్తకం, పొదుపు పుస్తకం నిలబెట్టుకొని బ్యాంకు మెట్లెక్కారు. అదే ఇంట్లో డిగ్రీ చదివే కొడుకు దగ్గర తాను చేసిన 240 గంటలకు ఒక్క పేజీ లేకపోవటం విచారకరం.

ఏమని రాయాలి?

“శ్రమదానంలో పాల్గొన్నాను” అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. తేదీ, గంటలు, చోటు, చేసిన పని, ఎంతమేరకు జరిగింది అన్నవి ఉండాలి. “ఉదయం 7 నుంచి 10 గంటల వరకు, కాలనీ బోరింగు పక్క మురుగు కాలువ 40 గజాలు 12 మందిమి తీశాం, ఇంకా 15 గజాలు మిగిలింది” అని రాస్తే అది సాక్ష్యం. చేయలేక మిగిలిన పని కూడా రాయటం వల్ల మిగతా లెక్కకు నమ్మకం వస్తుంది.

అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో 1902లో ఒక పాఠశాలల అధికారి పల్లె పిల్లలతో మొదలుపెట్టిన మొక్కజొన్న క్లబ్బు వంటి వాటి నుంచే అక్కడి ‘ఫోర్ హెచ్’ యువజన సంస్థ పెరిగింది. అందులో దూడను పెంచే పిల్లలు కొన్న ధర, దాణా ఖర్చు, పెరిగిన బరువు, అమ్మిన ధర, తాము నేర్చుకున్నది తమ సొంత పుస్తకంలో రాసుకుంటారు. పాడి పశువు లేని వాడంటూ లేని మన పల్లెల్లో పిల్లలకు ఇది కష్టమైన విద్య కాదు. పాలకేంద్రంలో పోసిన పాలకు లెక్క సరిచూసుకునే ఇల్లే కదా మనది.

పేర్లతో పేచీ

రికార్డులో పేరు పదో తరగతి మార్కుల జాబితాలో ఉన్నట్టే ఉండాలి. పిలుపు పేరుతో హాజరు వేసుకుని, ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనక రాస్తే ఆ కాగితం ఉండీ లేనట్టే. ఆడపిల్లల విషయంలో జాగ్రత్త మరింత అవసరం. పెళ్లయ్యాక ఇంటిపేరు, ఊరు, ఫోను నంబరు మారితే పాత సర్టిఫికెట్ తనదేనని రుజువు చేసుకోవటానికి తిప్పలు పడాలి. ఫోనులో నమోదు చేసుకున్నా ఒక నకలు కాగితం మీద తీసి పెట్టుకోవటం మంచిది. నంబరు పోతే రికార్డు కూడా చేజారవచ్చు.

దొంగ కాగితాల బెడద

శిబిరం ముఖం చూడనివారి పేర్లు కూడా జాబితాల్లో చేరుతున్నాయనీ, జిరాక్సు షాపుల్లో ఒకే ప్రాజెక్టు రిపోర్టు పేర్లు మార్చి పదిమందికి అమ్ముడవుతున్నదనీ విమర్శలు వినవస్తున్నాయి. దీన్ని చిన్న తప్పుగా కొట్టిపారేయరాదు. ఉత్తుత్తి సర్టిఫికెట్లు పెరిగితే నిజంగా ఎండలో పార పట్టినవాడి సర్టిఫికెట్‌కు కూడా విలువ పోతుంది.

“సేవకు లెక్కేమిటి? చేసి చెప్పుకోవటమా?” అని అడిగే పెద్దలూ ఉన్నారు. మాట మంచిదే. అయితే పట్నంలో పెద్ద బడికి వెళ్లే పిల్లవాడి తరఫున చెప్పటానికి బడి ఉంది, తండ్రి పరిచయాలున్నాయి. పల్లె పిల్లవాడి తరఫున మాట్లాడేది అతని పుస్తకం ఒక్కటే. గొప్ప చెప్పుకోవటం వేరు, చేసిన దానికి ఆధారం దాచుకోవటం వేరు.

ఊరు చేయగలిగింది

దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. ప్రతి వాలంటీరు దగ్గర సొంత డైరీ ఉండాలి. ఆ రోజు పనికి ఆ రోజే ప్రోగ్రాం ఆఫీసరు సంతకం పెట్టాలి. శిబిరం చివరి రోజు ముగింపు సభలో దండలు, ఉపన్యాసాలకు ముందు వారం రోజుల పని లెక్క ఊరి వారి ఎదుట చదివి వినిపించాలి. తప్పుంటే ఊరే చెబుతుంది. ఒక నకలు పంచాయతీ ఆఫీసులో ఉంచాలి. ఆరు నెలల తరువాత బతికిన మొక్కలు లెక్కించి అదే కాగితం మీద రాయాలి. యువజన సంఘాలు కూడా తీర్మానాల పుస్తకంలో సభ్యుల సంతకాలతోపాటు ఎవరు ఏ పని చేశారో రాసుకోవాలి.

కళాశాలలు ఈ ఏడాది శిబిరాల నుంచే ఇది అమలు చేయవలసి ఉంది. అంతవరకు తల్లిదండ్రులు ఆగనక్కరలేదు. క్యాంపు నుంచి ఇంటికి వచ్చిన కొడుకునో, కూతురినో భోజనానికి ముందు ఒక్క మాట అడిగితే చాలు: ఇవాళ ఏం చేశావు, ఎక్కడ రాశావు, ఎవరు సంతకం పెట్టారు?