దత్తాంశం – దాత పేరు

పరిశోధకుడు శ్రమించి సేకరించిన కొలతలను, చిత్రాలను, పట్టికలను 'దత్తాంశం' అంటారు. దత్తమంటే ఇచ్చినది. ఇచ్చినవారి పేరు దాచితే ఆ మాటకు అర్థమే లేదు.

లండన్‌లోని కింగ్స్ కళాశాలలో 1952లో రోజలిండ్ ఫ్రాంక్లిన్ పర్యవేక్షణలో డీ.ఎన్.ఏ. ఎక్స్-కిరణ ఛాయాచిత్రం ఒకటి సిద్ధమైంది. సహోద్యోగి విల్కిన్స్ 1953 జనవరిలో ఆమెను అడగకుండానే దానిని వాట్సన్‌కు చూపాడు. ఆ చిత్రంకన్నా ఎక్కువగా తోడ్పడినవి, ఒక నివేదిక ద్వారా కేంబ్రిడ్జిలోని క్రిక్‌కు అందిన ఆమె కొలతలు. ఏప్రిల్ 25న 'నేచర్' పత్రికలో వెలువడిన వాట్సన్, క్రిక్‌ల వ్యాసం ఆమె అప్రకటిత ఫలితాలను ముక్తసరిగా ప్రస్తావించింది. ఏ కొలత తమకు దారి చూపిందో చెప్పలేదు. ఆమె 1958లో మరణించింది. 1962లో నోబెల్ బహుమతి ఆ ముగ్గురినీ వరించింది. ఆమె పక్షాన వాదించేవారు సైతం, ఆ చిత్రం తీసిన పరిశోధక విద్యార్థి గోస్లింగ్‌ను తలచుకోవడం అరుదు!

అరణ్యపర్వ శేషాన్ని పూరించి నన్నయ పేర నిలిపిన ఎఱ్ఱన ఔదార్యం వేరు. ఒకరి శ్రమఫలాన్ని పేరు చెప్పక వాడుకోవడం వేరు. ఈ భయంతోనే కొందరు పరిశోధకులు దత్తాంశాన్ని ఎవరికీ ఇవ్వక దాచుకుంటారు. వారిని లోభులనడం న్యాయం కాదు. నేడు దత్తాంశానికి కూడా డీ.ఓ.ఐ. అనే శాశ్వత గుర్తింపు లభిస్తున్నది; గ్రంథాన్ని పేర్కొన్నట్లే దానినీ పేర్కొనవచ్చు. ఇంత సౌకర్యమున్నా పట్టికను గ్రహించి పేరును విడిచిపెట్టిన వ్యాసాన్ని పత్రికలు తిప్పి పంపవలసిందే.